టక్

స్వాతి నక్షత్రం నాడు అహోబిలంలో నరసింహస్వామిని చూసుకోవాలని మా ఆవిడ మొక్కు. తెల్లవారుజామునే నంద్యాలలో బయల్దేరి, శిరివెళ్ల దాటి, ఆళ్లగడ్డ చేరేసరికి ఏడైంది. శిల్పాల షెడ్ల ఎదురుగా టీ కోసం కారు ఆపాను. తాగి వచ్చి తాళం తిప్పితే, టక్. ఒక్కటే చప్పుడు. మళ్లీ తిప్పాను. టక్. ఇంజను ఉలకలేదు.

వారం కిందట నంద్యాలలోనూ ఇంతే. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. రెండ్రోజులకు మళ్లీ అదే చప్పుడు. ఇంక స్టార్టర్ మోటరే మార్చాలన్నారు. నాకు మనసొప్పలేదు. ముప్పై రెండేళ్లు హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. అందులో పదకొండేళ్లు ఈ ఆళ్లగడ్డ పక్క ఊళ్లోనే. 1820లో కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం ఆయిర్‌స్టెడ్ కంటపడిన దగ్గర మొదలుపెట్టి సోలినాయిడ్ దాకా చెబుతుంటే, నా క్లాసులో సూది కింద పడినా వినపడేది. ఆ నిశ్శబ్దమంటే నాకు ఎంతో గర్వంగా ఉండేది.

స్టార్టర్ మీద ఉండేదీ ఆ సోలినాయిడే. తాళం తిప్పగానే దాని తీగచుట్టలో కరెంటు పారి, అయస్కాంతమై, లోపలి ఇనుప కడ్డీని లాక్కుంటుంది. కడ్డీ వెళ్లి పెద్ద కరెంటుకు దారి కలిపితే మోటరు తిరుగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే, లాక్కున్న మరుక్షణమే వోల్టేజి పడిపోయి కడ్డీ జారిపోతుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ జారుతుంది. అప్పుడు టకటకటకమని వరసగా మోగుతుంది. మాది ఒకే టక్. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూశాను, వెలుగు కాస్త కూడా తగ్గలేదు. బ్యాటరీది తప్పు కాదు. అంతవరకే నాకు తెలిసింది.

ఎదుటి షెడ్డులో ఒక శిల్పి కొత్తగా దిగిన రాయిని సుత్తితో కొట్టి చూస్తున్నాడు. మోతను బట్టే పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని వేరుచేస్తారు వాళ్లు. మోగని రాయి విగ్రహానికి పనికిరాదు.

టీ కొట్టాయన ఫోన్ చేస్తే మెకానిక్ మోపెడ్ మీద వచ్చాడు. నలభై ఉంటాయి. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, నమస్కారం పెట్టాడు. "స్వామి దర్శనానికి టైముకు పోతామా నాయనా?" అని మా ఆవిడ పక్కనుంచి అడిగింది. పలకలేదు. పనిమీద ధ్యాస అనుకున్నాం.

బానెట్ ఎత్తాడు. సాధారణంగా మెకానిక్‌లు చెవి ఒగ్గి వింటారు. ఇతను వినలేదు. ఒక చేతి వేలు, సోలినాయిడ్‌కి కరెంటు అందించే రిలే మీద ఆనించి, రెండో చెయ్యి కిందికి దూర్చి స్టార్టర్ మీద పెట్టాడు.

"తిప్పండి సార్."

టక్.

"ఇంగోసారి."

టక్.

"స్టార్టర్ బాగుంది సార్. ఆ చప్పుడు రిలేది, నా వేలికి కొడతాంది. సోలినాయిడ్ కదల్నే లేదు. దానికి కరెంటే పోవడం లేదు."

సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు ఊడదీశాడు. దాని కొసన పచ్చగా చిలుము. గరుకు కాగితంతో రుద్ది, కటింగ్ ప్లేయరుతో నొక్కి, బిగించాడు. తాళం తిప్పితే ఇంజను ఒక్క ఊపున అందుకుంది. పది నిమిషాల పని. నంద్యాలలో వేల రూపాయల మోటరు మారుద్దామన్నారు!

నాకు ప్రాణం లేచొచ్చింది. కిందికి దిగాను. "ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ చప్పుడు స్టార్టర్లోంచే వస్తోందనుకున్నాను. చెయ్యి పెట్టి పట్టుకోవడం నీకెవరు నేర్పారు నాయనా?"

అతను చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"మీరే సార్. ఎనిమిదో తరగతిలో."

నా ఛాతీ ఉప్పొంగింది. మా ఆవిడ వైపు చూశాను, విన్నావా అన్నట్టు.

"అయస్కాంతం పాఠమా?"

"పాఠం గుర్తులేదు సార్. నేను యెనక బెంచీ. మీరేందో అడిగినారు. వినపడలేదు సార్ అన్న్యా. నా క్లాసులో వినపడకపోవడమేందని దగ్గరికొచ్చి కొట్టినారు." అరచెయ్యి ఎడమ చెవి దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "చీము పట్టింది. మా నాయన ఆకు పసరు పోసినాడు. అప్పట్నుంచి ఈ చెవి లేదు. ఒక చెవితో చప్పుడు వినపడతాది గానీ, యాడ్నుంచి వస్తాందో దిక్కు తెలీదు సార్. అందుకే చెయ్యి పెట్టి చూస్తా."

కోపంగా చెప్పలేదు. వైరు సంగతి చెప్పినట్టే చెప్పాడు. జేబులోంచి తీసిన డబ్బు నా చేతిలోనే ఉంది. ఎదుటి షెడ్డులో సుత్తి ఆగి, మళ్లీ మొదలైంది. అతను వంగి సామాన్లు సంచిలో వేసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లి, గొంతు పెగల్చుకుని, "నన్ను క్షమించు నాయనా" అన్నాను.

నేను నిలబడింది అతనికి ఎడమ పక్క.

ఎవరో ఏదో అన్నారని తెలిసినట్టుంది. తలెత్తి అటూ ఇటూ చూసి, నన్ను చూసి, చటుక్కున లేచి నిలబడ్డాడు.

"వినపడలేదు సార్."