ఇన్సులిన్ గారికి పెదకూరపాడు నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇన్సులిన్ గారి సముఖమునకు,

పల్నాడు జిల్లా పెదకూరపాడు నుంచి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాం అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మా ఇంటి క్షేమం తమరి చేతుల్లోనే ఉంది. అందుకని ఆ మాట రాయలేకపోతున్నాను.

తమరు చేసిన మేలు ముందుగా చెప్పుకోవాలి. పొట్ట వెనక, క్లోమంలోని బీటా కణాల్లో తమరి పుట్టుక. తిన్న అన్నం గ్లూకోజుగా మారి నెత్తుట్లో కలవగానే తమరు బయల్దేరతారు. కండరాల చేత, కొవ్వు కణాల చేత తలుపులు తీయించి గ్లూకోజును లోపలికి పంపిస్తారు. కొంత కాలేయంలో దాయిస్తారు. తిండి లేని వేళ ఆ కాలేయం చక్కెరను అతిగా వదలకుండా కట్టడి చేస్తారు. మా అమ్మకు యాభై ఏళ్లు దాటేదాకా తమరి పేరే తెలియదు. తెలియాల్సిన అవసరం రానివ్వలేదు తమరు. అందుకు రుణపడి ఉన్నాం.

తర్వాతేమో చెప్పాపెట్టకుండా మొహం చాటేశారు. ఇది నా మొదటి ఫిర్యాదు. అమ్మకు దాహం పెరిగింది, రాత్రుళ్లు నాలుగుసార్లు లేవాల్సి వచ్చింది, కాలి మడమ పగులు నెలలు గడిచినా మానలేదు. పరీక్ష చేయిస్తే అప్పుడు తెలిసింది, ఇది షుగరని, ఎన్నో ఏళ్లుగా లోలోపల నడుస్తున్న వ్యవహారమని. తమరు వచ్చినా కణాలు మాట వినడం మానేశాయట. వినిపించడానికి క్లోమం ఇంకా ఇంకా తమరిని తయారుచేసి చివరికి అలిసిపోయిందట. అన్నేళ్లలో ఒక్క నొప్పి, ఒక్క జ్వరమైనా పంపి హెచ్చరించి ఉండకూడదా?

మా తిండి మారిన మాట నిజమే. ఒకప్పుడు ఇక్కడి జొన్నకూడు తినలేక కవి శ్రీనాథుడు మా సీమను తిట్టిపోశాడని చాటువులు చెబుతాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలాక పల్నాట్లో వరి పెరిగింది, మూడు పూటలా తెల్లన్నం తినడం గౌరవమైంది. పొలం పని తగ్గినా పళ్లెంలో అన్నం తగ్గలేదు. పైగా చూడటానికి బక్కగా ఉన్నా పొట్టలోపల కొవ్వు పట్టే ఒళ్లు మావాళ్లది. ఇదంతా ఒప్పుకుంటాను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారంది. ఇంతమంది విషయంలో తప్పంతా తిన్నవాళ్లదే అంటే నేను ఒప్పుకోను.

సరే, ఒంట్లో చాలని తమరిని సీసాలో తెచ్చుకున్నాం. తెచ్చుకున్నాక తమరి కోసం మేం చేసినవి వినండి. ఉగాదికి బొబ్బట్లు మానేసింది అమ్మ. మామిడిపండు కోసి మాకు పెట్టి, తాను టెంకైనా చీకదు. ఇంటికి ఇంకేమీ కొనకముందే ఫ్రిజ్ కొన్నాం, అదీ తమరి కోసమే. రోజూ పొద్దున్నే ఆ సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. గట్టిగా ఊపకూడదని నర్సమ్మ చెప్పింది. పాలలా కలిశాక ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకుని, అద్దానికి లోపల తెల్లటి పలుకులేమైనా అంటుకున్నాయేమోనని కళ్లు చికిలించి చూస్తుంది. పలుకులు కనిపిస్తే తమరు పాడైనట్టే, ఆ సీసా పారెయ్యాల్సిందే. బియ్యంలో రాళ్లేరేటప్పుడు కూడా ఆమె అంత శ్రద్ధగా చూడదు.

ఇంత చేసినా తమరు మా ఎండకు ఓర్చుకోరు. మూత తీయని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నదైతే ఓ నాలుగు వారాలు బయట ఉండొచ్చు, అదీ 30 డిగ్రీలు దాటని చోట. అలాగని గడ్డకట్టినా పనికిరారు. మా రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో మా జిల్లాలో 45 డిగ్రీలు వింతేమీ కాదు. మధ్యాహ్నం కరెంటు పోతే అమ్మ తమరిని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో వేసవంతా ఆ కుండే దిక్కు. గుంటూరు చుట్టూ మిర్చి బస్తాల కోసం కోల్డ్ స్టోరేజీలు బారులు తీరి ఉన్నాయి. ఆ మిర్చి కోసే మనిషి మందుకు ఊళ్లో అరచేతంత చల్లని చోటు లేదు. ఇది తమరికి న్యాయంగా ఉందా?

అన్నిటికన్నా పెద్ద ద్రోహం చెబుతాను. ఊళ్లో చాలామంది వాడేది రెండు రకాలు కలిపిన సూది. అది వేసుకున్న అరగంటలో తినాలి. మిరపకోతల రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే లేస్తారు. కూలీల ఆటో వచ్చేలోపు సూది వేసుకుని, క్యారేజీ కట్టుకుని ఎక్కుతారు. చేలో నాలుగు సాళ్లు కోసి పదింటికి గానీ గిన్నె మూత తీయరు. ఈలోపు తమరు ఒంట్లో ఉన్న కాస్త చక్కెరనూ లాగేస్తారు. చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి, చెమటలు పడతాయి. పల్నాటి ఎండలో చెమట పట్టిన మనిషిని ఎవరు అనుమానిస్తారు? వడదెబ్బ అనుకుని చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు. అప్పుడు కావాల్సింది నీళ్లు కాదు, గుప్పెడు పంచదారో బెల్లం ముక్కో. అదీ మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యాలి. చేనికెళ్లే ప్రతి సంచిలో ఆ పంచదార పొట్లం ఉండాలని తమరి పెట్టె మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకోవడానికి ఏమడ్డం వచ్చింది?

సిరంజీల గొడవ ఇంకొకటి. సీసాలో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులో 100. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 40కి వాడాల్సిన సిరంజితో 100 రకం మందు గీత చూసి లాగితే, పడాల్సిన దానికి రెండున్నర రెట్లు పడుతుంది. చదువురాని పెద్దవాళ్ల ప్రాణాన్ని ఇలా మూత రంగు మీద వదిలేయడం ఏం మర్యాద?

ఇక తమరి పేరుప్రతిష్ఠల విషయం. మా వీధిలో ఎవరికైనా తమరిని రాశారని తెలియగానే, "సూదులు మొదలెట్టారంటే ఇంకేముందిలే, పని అయిపోయినట్టే" అంటారు. ఆ మాటకు భయపడి మాత్రలతోనే ఏళ్లు నెట్టుకొస్తారు. మాత్రలతోనే అదుపులో ఉన్నవాళ్ల సంగతి వేరు. అదుపు తప్పాక కూడా వాయిదా వేసేవాళ్ల గురించే నా బాధ. కాలి వేలు నల్లబడ్డాక, కిడ్నీ దెబ్బతిన్నాక తమరిని పిలుస్తారు, ఆ నష్టమంతా తమరి ఖాతాలో రాస్తారు. తమరు ఒక్కసారైనా నోరు విప్పి కాదనలేదు.

చెప్పుకోవడానికి తమరికి లేక కాదు. 1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి తమరిని తొలిసారి ఎక్కించారు. మొదటి సూది పెద్దగా పనిచేయలేదు. పన్నెండు రోజుల తర్వాత, శుద్ధిచేసిన మందుతో చక్కెర దిగింది. అంతవరకూ షుగర్ వచ్చిన పిల్లలను పస్తులుంచి నాలుగు రోజులు ఎక్కువ బతికించడమే వైద్యం. తమరిని కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కొలిప్ 1923లో పేటెంటును అక్కడి విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్కో డాలరుకు రాసిచ్చేశారు. క్లోమంలో తమరి ఊట పూర్తిగా ఎండిపోయిన టైప్ 1 పిల్లలకు ఈనాటికీ తమరు తప్ప వేరే దిక్కు లేదు. అందరికీ అందాలని అలా ఇచ్చేసిన మందు, ఫ్రిజ్జూ గడియారమూ తీరికా ఉన్న ఇంటికే సరిగ్గా సరిపోవడం నాకు మింగుడుపడటం లేదు.

అందుచేత నా మనవి ఇది. చంటిపిల్లల టీకాలను చల్లగా దాచే ఏర్పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పటికే ఉంది. దాని పక్కనే తమరికీ ఒక చోటు కావాలి, ఏడాది పొడవునా, ఎర్ర మూత సిరంజీలతో సహా. సూది రాసిచ్చే ముందు ఈ మనిషి ఏ వేళకు తింటుందో, ఏ వేళకు చేనికి వెళుతుందో డాక్టరు గారు అడగాలి, దాన్నిబట్టే తమరి రకమూ వేళా నిర్ణయించాలి. వచ్చే మిరపకోతలు మొదలయ్యేలోపు ఈ రెండూ జరిగేలా చూడమని తమరిని, తమరిని పంపే అధికారులను చేతులు జోడించి కోరుతున్నాను.

ఇట్లు,
తమరి మీద ఆధారపడ్డ ఒక తల్లికి కూతురు,
పెదకూరపాడు