బోల్టు కనబడని యంత్రం

అబ్బాయ్, మీ ఫ్యాక్టరీకి నేల కడిగే కొత్త స్క్రబ్బర్ వచ్చినప్పటి నుంచీ నీకు దాని పాట తప్ప ఇంకో పాట లేదు. పక్కన ఆకు బొమ్మ అంటించారట, పర్యావరణానికి మేలట. సరే, దాన్ని ఒక్కసారైనా విప్పి చూశావా? ఎక్కడ విప్పుతావులే! చుట్టూ ప్లాస్టిక్ డొప్పలు, స్పానర్‌కు అందే బోల్టు ఒక్కటీ బయటికి కనబడదు. తెర మీద ఎర్ర లైటు వెలిగిందా, కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా అది మూల పడి ఉండాల్సిందే.

మా రోజుల్లో హైదరాబాద్ అజామాబాద్ ఫ్యాక్టరీ షెడ్డుల్లో నేల ఎలా ఊడ్చేవాళ్లో నీకేం తెలుసు? షిఫ్టు దిగే ముందు లేత్‌ల చుట్టూ రంపపు పొట్టు చల్లేవాళ్లం. డబ్బు పెట్టి కొన్న పొట్టు కాదు, మా ప్యాటర్న్ షాపు వడ్రంగుల రంపం కింద రాలిందే. అది నూనె పీల్చుకునేలోగా టీ తాగొచ్చేవాళ్లం. ఆ తర్వాత కొబ్బరి పుల్లల చీపురుతో ఊడ్చి బాయిలర్‌లో వేసేవాళ్లు. మా మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నేల మీద నూనె మరక కనబడితే చీపురు పట్టినవాణ్ణి ఏమీ అనేవాడు కాదు, లేత్ మీద ఉన్నవాణ్ణి కేకేసేవాడు. “తుడవడం తర్వాత, ముందు కారేది ఆపు” అని దగ్గరుండి ఆయిల్ సీల్ మార్పించేవాడు. మరి మీరో? కారేదాన్ని కారనిచ్చి, దాని మీద లక్షల మిషన్ పూటపూటా తిప్పుతారు. కరెంటు ఖర్చు, నీళ్ల ఖర్చు, మురుగు ఖర్చు. అంత ఖర్చూ ఒక్క సీల్ మార్చకపోవడం వల్ల.

మా రోజుల్లో అన్నీ బాగుండేవని నేననను. నూనె పొట్టు కాలితే వచ్చే పొగను ఎవరూ పట్టించుకోలేదు. మొండి మరకలకు యాసిడ్ పోసేవాళ్లు, ఆ పని చేసిన ఆడవాళ్ల అరికాళ్లు ఎలా పగిలేవో నా కళ్లతో చూశాను. నీళ్లయితే బక్కెట్ల కొద్దీ గుమ్మరించి కాలవలోకి తోసేవాళ్లం. మీ మిషన్ ఒక ట్యాంకులోంచి కొద్దిగా నీళ్లు వదిలి, బ్రష్‌తో రుద్ది, వెనక రబ్బరు బద్దతో కూడగట్టి రెండో ట్యాంకులోకి పీల్చేస్తుంది. మిషన్ ఆగితే నీళ్లూ ఆగుతాయి. కొన్నింట్లో ఆ మురికి నీళ్లనే వడగట్టి మళ్లీ వాడతారు. అలా డిజైను గీసినవాడికి దండం పెడతాను, నిజంగానే.

కానీ సబ్బు లేకుండా కడుగుతుందన్న గొప్పలు నా దగ్గర చెప్పకు. 2008లో అమెరికాలోని టెనెంట్ కంపెనీ, నీళ్లలోకి కరెంటు పంపి సబ్బు లేకుండా కడిగే పద్ధతి తెచ్చింది. మామూలు దుమ్ముకు సబ్బు అక్కర్లేదని మీ నాయనమ్మకు కరెంటు రాకముందే తెలుసు కదరా!

రబ్బరు బద్ద అంటే గుర్తొచ్చింది. దానికి నాలుగు అంచులుంటాయి, తెలుసా? ఒకటి అరిగితే తిప్పి బిగించాలి, అదీ అరిగితే తలకిందులు చేయాలి. అలా నాలుగుసార్లు వాడుకోవడానికే దాన్ని తయారుచేశారు. మీ హౌస్‌కీపింగ్ కుర్రాళ్లు ఒక్క అంచు అరగగానే చెత్తబుట్టలో పారేస్తున్నారు! వాళ్లను అని ఏం లాభం, నేర్పినవాడేడీ?

ఇక బ్యాటరీ. లెడ్ బ్యాటరీకి ఛార్జింగ్ అయ్యాక మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లం, బ్యాటరీ పోయాక అందులో సీసం కరిగి మళ్లీ బ్యాటరీ అయ్యేది. లిథియంకు నీళ్లు పోసే బాధ లేదు, మధ్యాహ్నం అన్నం వేళ కాస్త ఛార్జింగ్ పెట్టినా ఏమీ కాదు, ఒప్పుకుంటాను. అయితే చాలా ప్యాకులకు సీలు వేసేస్తారు. లోపల ఒక్క సెల్ చచ్చినా మొత్తం ప్యాకు పోయినట్టే. పాత బ్యాటరీలు పోగుచేసి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదేనని మన దేశంలో 2022లో రూల్స్ వచ్చాయి. మంచిదే. కానీ నేల రుద్దే మా పాత సింగిల్ డిస్క్ మిషన్ మోటారు కాలిపోతే రాణీగంజ్‌లో వైండింగ్ చేయించి మర్నాడే నేల మీద పెట్టేవాళ్లం. ఏ యంత్రమైనా పదేళ్లు ఎక్కువ బతికితే దాని బదులు ఇంకోటి పోతపోయక్కర్లేదు, ఓడెక్కించి తేనక్కర్లేదు. పర్యావరణం అక్కడుంది, ఆకు బొమ్మలో కాదు. ఫ్రాన్సులో 2021లో ఫోన్లు, బట్టలుతికే మిషన్ల మీద మరమ్మతు ఎంత సులువో పదికి మార్కులు వేసి అంటించడం మొదలుపెట్టారు. అలాంటి మార్కు ఈ స్క్రబ్బర్ మీద ఉంటే నేనే వచ్చి చూసేవాణ్ణి.

మళ్లీ సేల్స్ కుర్రాడు వచ్చినప్పుడు టీ ఇచ్చి కూర్చోబెట్టి అడుగు నాయనా: స్పేర్లు ఎన్నేళ్లు దొరుకుతాయి? బ్రష్ మోటారు మా ఫిట్టరే విప్పగలడా? బ్యాటరీలో ఒక్క సెల్ మార్చుకోవచ్చా? జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే ఆర్డరు మీద సంతకం పెట్టు. ఈలోగా మీ మూడో నంబరు లేత్ కింద కారుతున్నదేమిటో వంగి చూడు.