లారీ ఉన్నవాడికే లారీ

మా వీధిలో ఒక టాటా ఏస్ ఉంది. నడిపే కుర్రాడు నన్ను బాబాయ్ అంటాడు కాబట్టి దాని కష్టసుఖాల్లో నాకూ వాటా ఉంది. మామూలు రోజుల్లో పొన్నూరు నుంచి ధాన్యం, మినుములు తోలతాడు. మిరప సీజనొస్తే పెదనందిపాడు వైపు వెళ్లి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎక్కించుకుని గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు చేరుస్తాడు. 750 కిలోల బండికి పదహారో పదిహేడో టిక్కీలు ఎక్కాలని కంపెనీ లెక్క. మావాడి లెక్క ఇక్కడ రాయను, బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు కూడా వ్యాసాలు చదువుతారు. మార్చి నెలలో ఆ బండి మా గుమ్మం ముందు ఆగిందంటే వంటింట్లో మా ఆవిడ వరసగా నాలుగు తుమ్ములు తుమ్ముతుంది. అది పొగ వల్ల కాదు, మిరప ఘాటు వల్ల. దానికి ఏ కాలుష్య సర్టిఫికెట్టూ లేదు.

మొన్న పొద్దున్నే ఫోన్ పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, కరెంటు బండి కొంటే కేంద్రం 9 లక్షల 60 వేలు ఇస్తదంట, నిజమేనా?"

నిజమే. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో కరెంటు లారీలకు 500 కోట్లు కేటాయించి, 2025 జులైలో మార్గదర్శకాలు విడుదల చేశారు. దేశం మొత్తానికి సుమారు 5,600 లారీలు. బండికి 9.6 లక్షల వరకు. సర్కారీ తెలుగులో ‘వరకు’ అన్నంత పెద్ద మాట మరొకటి లేదు. దాని వెనకాల ఎంతటి అంకెనైనా దాచవచ్చు.

"నీ బండి బరువెంతరా?" అన్నాను.

అక్కడే తేలిపోయింది. బండీ సరుకూ కలిపి మూడున్నర టన్నులు దాటితేనే లారీ కింద లెక్క, 55 టన్నుల దాకా సాయం. మావాడి ఏస్ ఆ గీతకు సగం కూడా తూగదు. అంటే పేదవాడికి సాయం చేద్దామని త్రాసు పట్టుకుని బయల్దేరిన సర్కారుకు వాడు మరీ తేలిగ్గా తగిలాడన్నమాట.

కారణం అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. దేశంలోని వాహనాల్లో డీజిల్ లారీలు 3 శాతమే అయినా రవాణా రంగం వదిలే వాయువుల్లో 42 శాతం వాటివేనట. సరే, ఒప్పుకుందాం. మరి 42 శాతం జబ్బుకు పథకంలోని 10,900 కోట్లలో 500 కోట్లా? ఐదు శాతం కూడా కాదే! అందులోనూ 1,100 లారీలు ఢిల్లీకి పక్కన పెట్టారు. పొగ అందరిదీ, మందు మాత్రం రాజధానిది.

బరువు గీత దాటినవాడికీ దారి సుగమమేం కాదు. కొత్త లారీకి సాయం కావాలంటే పాత లారీని తుక్కుకు వేసి సర్టిఫికెట్ తేవాలి. ముసలి ఎద్దును కబేళాకు తోలిన రసీదు చూపిస్తేనే కొత్త ఎద్దుకు అప్పు ఇస్తానన్నట్టుంది. మరి ఎద్దే లేనివాడో? కంగారు పడనక్కర్లేదు. ఎవరో తుక్కు చేసిన లారీ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. పక్క ఊరివాడి ఎద్దు మరణ ధ్రువీకరణ పత్రం మనం కొనుక్కుని మన దొడ్లో దుఃఖపడవచ్చు. ఇన్నీ అయ్యాక పెద్ద కరెంటు లారీ ధర కోటి దాటుతుంది. ఆ పైన మిగిలినదంతా మనమే పెట్టుకోవాలి.

అసలు తమాషా ఇది. బ్యాటరీ బండి దేనికి సరిగ్గా కుదురుతుంది? రోజూ ఒకే దారిలో, తక్కువ దూరం తిరిగి, రాత్రికి ఇంటికొచ్చి పడుకునే బండికి. పొన్నూరు నుంచి చేబ్రోలు, నారాకోడూరు మీదుగా గుంటూరు ముప్పై కిలోమీటర్లు, తిరిగి మరో ముప్పై. రాత్రి మా అరుగు పక్కన ప్లగ్గు పెట్టుకుంటే సరి. చిన్న కరెంటు బండ్లు బజార్లోకి వచ్చేశాయి కూడా. ధర మాత్రం పెట్రోలు బండి కంటే లక్షల్లో ఎక్కువ. ఆ తేడా దగ్గరే మావాడికి చెయ్యి కావాలి. ఆ చెయ్యేమో 55 టన్నుల ట్రాలీ భుజం మీద ఉంది. అయినవాడికి ఆకుల్లో, కానివాడికి కంచాల్లో అంటారు. ఇక్కడ ఆకూ లేదు, కంచమూ లేదు.

చిన్న బండ్లకు సాయం చేయడం సర్కార్లకు తెలియని విద్య అనుకోకండి. 2021 జనవరి 21న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంటింటికీ రేషన్ బియ్యం చేర్చే బండ్లకు జెండా ఊపారు. మొత్తం 9,260 బండ్లు, సుమారు 539 కోట్ల ఖర్చు. 5.81 లక్షల బండికి 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు అప్పు, నడిపేవాడి వాటా పదో వంతు. రెండో ఆలోచన లేకుండా పొగగొట్టం ఉన్న బండ్లే ఇచ్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి ప్రభుత్వం మారింది. 2025 జూన్ 1 నుంచి బియ్యం మళ్లీ రేషన్ షాపుకు చేరింది. ఆ జెండా ఊపిన రోజే, తిరిగేది వీధుల్లోనే కదా, కరెంటువి ఇద్దామని ఎవరికైనా తోచి ఉంటే ఇవాళ మావాడికి సెకండ్ హ్యాండ్‌లోనైనా ఒకటి దొరికేది.

ఇదంతా చెప్పాక వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అయితే బాబాయ్, ముందు పాత లారీ కొనుక్కోవాలన్నమాట" అని డీజిల్ కొట్టించుకోవడానికి వెళ్లిపోయాడు.

పొన్నూరు, నిడుబ్రోలు పాఠకులకు మనవి: మీ పెరట్లో పన్నెండు చక్రాల పాత లారీ ఏదైనా ఊరికే పడి ఉంటే వెంటనే తుక్కుకు వేయండి. పథకం గడువు 2028 మార్చి 31 వరకు పొడిగించారు.