టై సరే, బండుందా?

జాబ్ మేళా దగ్గరపడిందంటే ఊళ్లో ముందు జిరాక్స్ షాపులకు కళ వస్తుంది, ఆ వెంటనే సాఫ్ట్ స్కిల్స్ మాస్టార్లకు. కాలేజీ సెమినార్ హాల్లో ప్రొజెక్టరు పెట్టి, సూటేసుకున్న దొరల ఫొటోలు చూపిస్తూ, షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా ఇవ్వాలో, నవ్వు ఎన్ని పళ్ల దగ్గర ఆపాలో నేర్పుతారు. అభ్యర్థి గుమ్మంలోకి అడుగుపెట్టిన ఏడు సెకన్లలో కంపెనీవాడు అతని తలరాత రాసేస్తాడట. బ్రహ్మ కూడా అంత తొందరపడినట్టు ఎక్కడా వినలేదు.

ఈ మాస్టార్ల అమ్ములపొదిలో ఒక లెక్క ఉంది. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమేనట. గొంతు 38 శాతం, మిగతా 55 శాతం ముఖమూ ఒళ్లూ. ఈ స్లైడు లేకుండా క్లాసు నడవదు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా ప్రొఫెసరు 1967లో అచ్చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి పుట్టాయి ఆ అంకెలు. ‘మేబీ’ లాంటి ఒంటి మాటను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఆ మాటన్న మనిషికి ఎదుటివాడంటే ఇష్టమో అయిష్టమో చెప్పమన్నారు. అంతే సంగతి. ఇష్టాయిష్టాల విషయంలో తప్ప ఈ లెక్క మరి దేనికీ పనికిరాదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. పాపం, ఆ మాట స్లైడు దాకా రాలేదు.

పోనీ, నిజమే అనుకుందాం. అప్పుడు ఇంగ్లీషు సరిగ్గా రాని కుర్రాడికి పోయేది ఏడు మార్కులే కదా! తొంభై మూడు మార్కులతో డిస్టింక్షన్ కొట్టినవాణ్ణి ‘కమ్యూనికేషన్ వీక్’ అని ఇంటికి ఎందుకు పంపుతున్నట్టు?

ఇక మేళా. మే నెల ఎండ, జూనియర్ కాలేజీ గ్రౌండు, షామియానా, పని చేస్తున్నట్టు శబ్దం మాత్రం చేసే రెండు కూలర్లు. మనవాడు బాబాయి కొడుకు దగ్గర అరువు తెచ్చిన టై బిగించి, ఫైలు గుండెకు ఆనించుకుని రెండు గంటలుగా లైన్లో నిలబడ్డాడు. లోపల ‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’ పాఠం నడుస్తూనే ఉంది. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై స్ట్రెంత్ ఈజ్ పాజిటివ్ థింకింగ్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ పీపుల్ ఈజీలీ. నిజానికి ఈ చివరిది ఒక్కటే అబద్ధం కాదు. మాస్టారు చెప్పినవన్నీ నమ్మాడుగా.

వంతు వచ్చింది. టేబుల్ వెనక కూర్చున్న అబ్బాయికి ఇతనికన్నా రెండేళ్లు ఎక్కువుంటాయేమో. తలెత్తలేదు.

“బండుందా?”

“సార్?”

“టూ వీలర్. లైసెన్సు.”

“లైసెన్సుంది సార్. బండి మా అన్నయ్యది.”

“స్మార్ట్‌ఫోన్?”

“ఉంది సార్.”

“సరే, కాల్ చేస్తాం. నెక్స్ట్.”

రెజ్యూమె మూలన నీలం పెన్నుతో ఒక టిక్కు పడింది, కాగితం అట్టపెట్టెలో పడింది. షేక్‌హ్యాండ్‌కు లేచిన చెయ్యి దారి మార్చుకుని జుట్టు సర్దుకుంది. ఆ టేబుల్ అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఉద్యోగం ఇచ్చే అధికారం లేదు, సాయంత్రానికి పెట్టె నింపే టార్గెట్ ఉంది. అక్కడున్నవి ఎక్కువగా వసూళ్ల ఫీల్డ్ ఆఫీసర్, డెలివరీ, ఇన్సూరెన్స్, టెలికాలర్ పోస్టులు. వాటికి కావలసింది ఐ కాంటాక్ట్ కాదు, ఆర్‌సీ బుక్కు.

కంపెనీ గురించి ముందే చదువుకుని వెళ్లమంటారు మాస్టార్లు. కరపత్రం మీద ‘ప్రముఖ బహుళజాతి సంస్థ’ అని తప్ప పేరుండదు. ఫ్లెక్సీ మీద ఉండే పేరు కన్సల్టెన్సీది. జీతం ఇచ్చేది ఇంకొకరు. ఏం చదువుకోవాలో ఆ గూగులమ్మకే తెలియాలి.

జీతం ఊసు మాత్రం మొదట ఎత్తకూడదట, ఎత్తితే ఇంప్రెషన్ పోతుందట. పెళ్లిచూపుల్లోనైనా కాఫీ చల్లారకముందే అబ్బాయి జీతం ఎంతో తేల్చుకుంటారు కదా! ఇక్కడ అడిగితే అపచారం. ఎందుకో ఊహించడం కష్టం కాదు. నెలకు 18 వేలన్న ప్యాకేజీలో యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటా కూడా కలిపేసి ఉంటుంది. ఇన్సెంటివ్ అన్నది టార్గెట్ కొడితేనే. పెట్రోలు ఎవరిదని అడిగితే తోటి ఫీల్డ్ స్టాఫ్ నవ్వుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టి వెళ్లాలన్న సంగతి చేరే రోజున తెలుస్తుంది. పోస్టు ఏమిటో, ఎన్ని ఖాళీలో, జీతభత్యాలెంతో, పనిచేసే చోటెక్కడో ఉపాధి కల్పన కార్యాలయానికి తెలియజేయాలని, 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించేలా 1959లోనే చట్టం చేశారు. ఆ నాలుగు వివరాలు టేబుల్ ముందు పెద్దక్షరాలతో అంటించిన మేళా ఎక్కడైనా ఉంటే చెప్పండి, నేనూ టై కట్టుకుని వస్తాను.

తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లడం తప్పని ఎవరూ అనరు. అది వాళ్లమ్మ ఎలాగూ చెబుతుంది, దానికి రెండు వేల ఫీజు అక్కర్లేదు. అసలు తంటా ఏమిటంటే, ఉద్యోగం రాకపోతే నేరం కుర్రాడి భుజాల వంపు మీదికి పోతుంది. వెయ్యి మంది వచ్చిన చోట వంద పోస్టులుంటే, వెయ్యిమందీ నిటారుగా నిలబడినా తొమ్మిది వందల మంది బస్సెక్కాల్సిందే. ఈ తీసివేతకు మాస్టారి దగ్గర స్లైడు లేదు. పైగా ఇంప్రెషన్ కొట్టే బాధ్యత ఒకవైపే. గంటలు నిలబెట్టిన కంపెనీ ఒక కుర్చీ వేసిందా, గ్లాసు మంచినీళ్లు ఇచ్చిందా, ఎంపిక కాకపోతే కాలేదని మెసేజ్ అయినా పెట్టిందా అని మార్కులు వేసేవాళ్లు లేరు.

మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫొటో వస్తుంది. వేదిక మీద నాయకుడు, ఆయన చేతుల మీదుగా నియామక పత్రాలు, కింద ‘మేళాలో వందలాది మంది ఎంపిక’ అని శీర్షిక. ఆ వందల్లో మనవాడి టిక్కు కూడా ఉంటుంది. ఫోన్ మాత్రం రాదు. నాలుగు నెలల తర్వాత పక్క నియోజకవర్గంలో మేళా పెడితే అతనే వెళ్తాడు, అదే టైతో. ఈసారి అన్నయ్య బండి కూడా వేసుకుని. ఎంపికైనవాళ్ల లెక్కలో రెండోసారి ఎక్కుతాడు.