ఇంద్ర నుంచి సంజీవని దాకా

నేను ఆర్టీసీ ఇంద్ర బస్సును. ఏసీ, మెత్తని సీట్లు, కిటికీలకు తెరలు. నాలో ఎక్కినవాళ్ళు ఊరు దాటకముందే గురకపెట్టేవాళ్ళు. 2020 జులైలో ఆ సీట్లు పీకేసి, పక్కకు కౌంటర్లు తెరిచి, కరోనా పరీక్షల బండిని చేసి, ‘సంజీవని’ అని పేరు మార్చారు. ఇక ఎక్కేవాడు లేడు. అందరూ కిందే నిలబడి నోరు తెరిచేవాళ్ళు.

ఆ పరీక్షల్లో మా ఆంధ్రప్రదేశ్ చురుగ్గానే ఉండింది. తొలిరోజుల్లో నమూనా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పోయేది. తర్వాత మా కర్నూలులోనే ల్యాబు వచ్చింది. క్షయకు వాడే ట్రూనాట్ యంత్రాలకు కరోనా పని అప్పజెప్పారు. ఏప్రిల్‌లో దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు దిగాయి. వాటికి హడావుడి ఎక్కువ జరిగిందంటాను. అవి రక్తంలో యాంటీబాడీలను చూస్తాయి గానీ, ఈ పూట ఒంట్లో వైరస్ ఉందో లేదో తేల్చలేవు.

బనగానపల్లె మీదుగా నన్ను యాగంటికి పంపారు. కలియుగాంతంలో ఇక్కడి బసవన్న రంకె వేస్తాడని బ్రహ్మంగారి మాటగా చెప్పుకునే ఊరు. లాక్‌డౌన్‌లో మూసిన గుళ్ళు జూన్ 8 తర్వాత తెరిచినా భక్తులు పలచగానే ఉన్నారు. నా కౌంటర్ల ముందు జనం అంతకన్నా పలచగా ఉన్నారు.

టెంకాయల అంగడాయన దూరం నుంచే నన్ను చూస్తూ దగ్గుతున్నాడు. ఆశా కార్యకర్త పిలిచింది.

“రా అన్నా, ఒక్క నిమిషం పని.”

“నిమిషం నీకు తల్లీ. ఉందని తేలితే నాకు పద్నాలుగు దినాలు క్వారంటైన్. పిల్లోళ్ళకు కూడెవరు పెడతారు?”

ఆయన భయపడింది నమూనా తీసే పుల్లకు కాదు. ఆ పద్నాలుగు దినాలకు.

సర్కారు ఏమీ ఇవ్వలేదనను. బియ్యం, పప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న వలంటీర్లు పేదల ఇంటింటికీ 1,000 రూపాయలు తెచ్చారు. మే నెలాఖరులో అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు తలా 5,000 పడ్డాయి. గుడి ముందు టెంకాయలమ్మేవాడు ఆ జాబితాలో లేడు. గుడి మూస్తే పూజారితోపాటు వాడి పొయ్యీ ఆరుతుందని తోచినట్టు లేదు. చిరువ్యాపారులకు ‘జగనన్న తోడు’ నవంబరులో వచ్చింది. పదివేలు వడ్డీ లేకుండా ఇచ్చారు, కానీ అది తీర్చాల్సిన అప్పు.

క్వారంటైన్ కేంద్రం నుంచి ఇంటికిపోయే పేదవాడి చేతిలో 2,000 పెట్టమన్న ఉత్తర్వు మాత్రం నాకు నచ్చింది. వరసే తిరగబడింది. రోగం తేలి, దినాలు గడిచి, బయటపడ్డాక ఇచ్చేది పరీక్షకు రావాలా వద్దా అని తటపటాయించేవాడికి ధైర్యమివ్వదు. ఆ డబ్బు నా కౌంటరు దగ్గరే ఇచ్చుండాల్సింది.

ఆశా కార్యకర్త ఆ రెండువేల సంగతి చెప్పింది. అంగడాయన గట్టిగా నవ్వాడు.

“ముందే ఇచ్చింటే నేను రెండుసార్లు నోరు తెరిచేటోణ్ణి తల్లీ!”

నవ్వుతూనే వచ్చి నిలబడ్డాడు. పుల్ల తగలగానే పొలమారి, నా అద్దం మీదే దగ్గాడు.