దేవుడి వాటా ఒక్క కిలో

అమరావతికి క్వాంటం వ్యాలీ వస్తోందంటే సంతోషించాను. అక్కడికి రావలసింది కంప్యూటరు. ఈలోగా మన వీధుల్లోకి క్వాంటం లాకెట్లు, క్వాంటం నీళ్ళు, క్వాంటం వైద్యులు వచ్చేశారు. అలాంటి లాకెట్లమ్ముతూ పండక్కి వచ్చిన అల్లుడు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మామ, మధ్యలో అత్తగారు. ఇలాంటి ఇల్లు ఊరికొకటి ఉంటుంది కనక పేర్లతో పనిలేదు.

అల్లుడు: ఇది మామూలు లాకెట్ కాదు మామయ్యగారూ. దైవకణంతో అనుసంధానం చేసింది. బయట పదకొండు వేలు. మీకు తొమ్మిదికే ఇచ్చేస్తాను.

మామ: దైవకణమంటే హిగ్స్ బోసానేనా అల్లుడుగారూ?

అల్లుడు: అదే! జెనీవాలో దొరికింది. సృష్టిలో ప్రతిదానికీ బరువిచ్చేది అదే. అది లేకపోతే మనం ఈ కుర్చీల్లో కూర్చోగలమా?

మామ: తమరి బరువెంత?

అల్లుడు: 92 కిలోలు.

మామ: అందులో హిగ్స్ గారిది ఒక కిలో.

అత్త: ఒక్క కిలోనా!

మామ: పోనీ, ఒకటింబావు అనుకో. మన బరువంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లదే. ప్రోటాన్‌లో ఉండేవి రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. వాటికి హిగ్స్ ఇచ్చిన ద్రవ్యరాశి మొత్తం కలిపితే 9 చిల్లర మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్‌ని తూస్తే 938! తక్కినదంతా లోపల ఆ క్వార్కులు పెట్టే పరుగులు, వాటిని వదలకుండా పట్టుకున్న గ్లువాన్ల శక్తి. ఐన్‌స్టైన్ లెక్కలో శక్తి కూడా తూకానికి వస్తుంది.

అత్త: అంటే అల్లుడుగారిలో 91 కిలోలు ఉత్త హడావుడేనన్నమాట.

మామ: నేననలేదు. సైన్సు అంటోంది.

అల్లుడు: పోనీ ఆ కిలో అయినా దేవుడిదే కదండీ! మా లాకెట్ సరిగ్గా ఆ కిలో మీదే పనిచేస్తుంది.

అత్త: కిలోకి తొమ్మిది వేలా! బంగినపల్లి మామిడి కూడా అంత లేదు బాబూ.

మామ: దేవుడిదని ఆ కణాన్ని ఊహించిన హిగ్సే అనలేదు. ఆయనకు ఆ పేరే గిట్టేది కాదు. లెడర్‌మన్ అనే ఆయన 1993లో తన పుస్తకానికి తగిలించుకున్నాడు. కణం దొరికింది 2012 జులై 4న.

అత్త: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అల్లుడు: మరి ఆ జెనీవా సెర్న్ ఆవరణలో నటరాజ విగ్రహం ఎందుకు పెట్టుకున్నారండీ? మన ఋషులకు ఇదంతా ముందే తెలుసని వాళ్ళు ఒప్పుకున్నట్టేగా!

మామ: 2004లో మన ప్రభుత్వమే బహుమతిగా పంపింది. మనం పంపిన సారె వియ్యాలవారింట్లో కనబడితే, వాళ్ళే వండుకున్నారని ఊరంతా చెప్పుకుంటామా? అసలు చెప్పుకోవలసింది వేరే ఉంది. సత్యేంద్రనాథ్ బోస్. ఢాకాలో పాఠాలు చెప్పుకుంటూ 1924లో ఒక వ్యాసం రాసి ఐన్‌స్టైన్‌కి పంపాడు. ఆయన దాన్ని తనే జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించాడు. ఈ విశ్వంలో కణాలు రెండే జాతులు. ఒక జాతి మొత్తానికి బోస్ పేరే పెట్టారు. నోబెల్ మాత్రం ఇవ్వలేదు. ఋషుల ఖాతాలో లేనివి జమ చేస్తూ కూర్చుంటాం గానీ, కళ్ళముందు లెక్క కట్టినవాణ్ణి తలుచుకోం! ఏ బడిలోనైనా, ఏ గుమ్మం మీదైనా ఆయన పటం ఉందా? మీ షాపులో ఉందా?

అల్లుడు: ఆయన ఏ కోర్సులండీ చేసేవారు? ఆన్‌లైనా?

అత్త: ఏవండీ, గంట కొట్టేశారు. ఇక చాలించండి.

అల్లుడు: సరే, లాకెట్‌లోంచి వచ్చే శక్తి ఒంట్లోంచి దూసుకుపోతుంది. అది మాత్రం కాదనలేరు.

మామ: దూసుకుపోయేవే కావాలంటే ఉచితంగానే ఉన్నాయిగా, న్యూట్రినోలు. మీ గోరంత చోటులోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్లు పోతున్నాయి. అన్నీ సూర్యుడి దగ్గర్నుంచే.

అత్త: 6,500 కోట్లా! ఒక్కటి కూడా నిలవదా?

మామ: నిలవదు. ఒక కాంతి సంవత్సరం మందాన సీసం అడ్డం పెట్టినా సగం దాటిపోతాయి.

అత్త: మనింట్లో డబ్బుకి సీసం కూడా అక్కర్లేదు లెండి.

మామ: 1930లో పౌలీ అనే శాస్త్రవేత్త, లెక్కలో శక్తి తగ్గుతోందని, దొంగ ఒకడున్నాడని ఊహించాడు. ఆ దొంగే న్యూట్రినో. పట్టుబడింది 1956లో, అమెరికాలో ఒక రియాక్టరు పక్కన. మన వాటా కూడా ఉంది. 1965లో కోలార్ బంగారు గనిలో, రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. అదే ఏడు దక్షిణాఫ్రికా గనిలో కూడా పట్టారు. అంతకుముందు ఇంకెవరికీ దొరకలేదు.

అత్త: కోలారంటే కేజీఎఫా? సినిమా రెండు భాగాలూ చూశాను, ఎక్కడా చూపించలేదే!

మామ: ఒకటి కనబడడానికి నెలలు పడుతుంది. అంతసేపు చీకట్లో కూర్చున్నవాణ్ణి హీరో అంటే మనవాళ్ళు ఒప్పుకుంటారా? చేతిలో సుత్తి అయినా ఉండాలి.

అల్లుడు: మామయ్యగారూ, ఆ గని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందండీ?

మామ: 2001లో మూసేశారు. ఎందుకు?

అల్లుడు: చిత్తూరు దాటితే కోలారే. శని, ఆదివారాలు న్యూట్రినో ధ్యాన శిబిరం పెడితే? భోజనంతో కలిపి పాతిక వేలు.

అత్త: అమ్మాయిని కూడా దింపుతారా బాబూ?

మామ: ఎవరూ దిగలేరు. లోపలంతా నీళ్ళు నిండిపోయాయి.

అల్లుడు: నీళ్ళా! అన్నేళ్ళుగా న్యూట్రినోలు దూసుకుపోయిన నీళ్ళు! లీటరు ఎంతకు పెట్టమంటారు అత్తయ్యగారూ?