ఖాకీ కలం ఆత్మకథలు

తెలుగులో మంచి ఆత్మకథలు రావడం లేదని దిగులుపడే సాహితీప్రియులు ఒకసారి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లిరావాలి. చెప్పేవాడు నిందితుడు, రాసేవాడు స్టేషన్ రైటర్. ఆ ప్రక్రియ పేరు నేరాంగీకార పంచనామా.

శైలి ఎలా ఉంటుందంటే: "నేను చెడు వ్యసనాలకు బానిసనై, జల్సాలకు అలవాటుపడి, సులభముగా డబ్బు సంపాదించవలెనను దురుద్దేశముతో..." శ్రీకాకుళం దొంగా ఇదే అంటాడు, ఆదిలాబాద్ దొంగా ఇదే అంటాడు. బడి మొహం చూడనివాడు కూడా "సదరు మోటార్ సైకిలును అపహరించితిని" అని గ్రాంథికం దంచేస్తాడు. గిడుగువారి వ్యావహారిక భాషోద్యమం ఇంకా స్టేషన్ గడప తొక్కినట్టు లేదు.

ఇక కథాస్థలం. మొన్న అర్ధరాత్రి ఇంట్లోంచి ఎత్తుకెళ్లిన మనిషి, కాగితంలో మాత్రం ఈ ఉదయమే బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతూ, పోలీసులను చూసి పారిపోబోతూ దొరుకుతాడు. అరెస్టు చేసిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ అంటోంది కదా! గడియారం తిరగడం మొదలయ్యేది రైటర్ పెన్ను కదిలాకే.

తమాషా ఏమిటంటే, ఇంత చెమటోడ్చి రాయించినదాన్ని కోర్టు నమ్మదు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదని 1872లో తెల్లదొరలే రాసిపెట్టారు. తమ పోలీసుల సంగతి వాళ్లకు తెలుసు మరి. 2024 జులై 1న కొత్త చట్టాలొచ్చాయి. ఆ మాట చెప్పే సాక్ష్య చట్టం 25వ సెక్షన్ కాస్తా 23 అయింది, అపనమ్మకం మాత్రం అలాగే ఉంది. నిందితుడు చెప్పినదాన్ని బట్టి కత్తో గొలుసో దొరికితే ఆ ముక్క వరకే చెల్లుతుంది. అందుకే ప్రతి ఆత్మకథా "మీరు నా వెంట వచ్చినచో దాచిన చోటు చూపించగలను" అని ముగుస్తుంది.

మిగతా పేజీలన్నీ ఎవరికోసమంటారా? ప్రెస్‌మీట్ కోసం. నలుగురికి ముసుగులేసి వెనక నిలబెడతారు, టేబుల్ మీద సెల్‌ఫోన్లు పేరుస్తారు. మర్నాడు మా పత్రికలవాళ్లం "తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు" అని అచ్చేస్తాం. ఆ శైలేమిటో మేమెవరమూ అడగం. లాకప్ దగ్గరా, ఎస్సై గదిలోనూ మాటతో సహా రికార్డయ్యేలా కెమెరాలు పెట్టమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరాలకు పాపం మొహమాటమెక్కువ, సరిగ్గా ఆ వేళకే కళ్లు మూసుకుంటాయి.

నిందితుడికి నోరు మెదపకుండా కూర్చునే హక్కు కూడా ఉంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే 20(3) అధికరణ పోలీసులు ప్రశ్నలడిగేటప్పుడూ వర్తిస్తుందని, 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. మాజీ ముఖ్యమంత్రి మాట్లాడకపోతే అది రాజ్యాంగ హక్కు. ఆటోడ్రైవర్ మాట్లాడకపోతే "విచారణకు సహకరించడం లేదు".

కాబట్టి పాఠకులారా, "రెండు మాటలు అడిగి పంపించేస్తాం" అని మీ ఇంటి కుర్రాణ్ణి తీసుకెళ్తుంటే ముందు నోటీసు అడగండి. అరెస్టంటారా, తేదీ, సమయం వేసిన మెమో మీద ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. విచారణ నడుస్తుండగా లాయర్ని కలవనివ్వాలి. దర్యాప్తులో చెప్పిన వాంగ్మూలం కింద చెప్పినవాడి చేత సంతకం పెట్టించకూడదని చట్టంలోనే ఉంది. పెట్టొద్దని వాడికి ఇవాళే చెప్పి ఉంచండి.